9 ఎంఎంతో జింక పడుతుందా?

ప్రశ్న: అన్నగారికి నమస్తే. మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. పన్నెండేళ్ళుగా టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటున్నాం, పోయిన ఏడాదే గ్రీన్ కార్డు వచ్చింది. మా ఆఫీసులో ఒకాయనకి లానో కౌంటీలో డీర్ లీజు (జింకల వేటకి అద్దెకి తీసుకున్న స్థలం) ఉంది. ఈ నవంబర్‌లో రమ్మంటున్నాడు. రైఫిల్ తనే ఇస్తానన్నాడు కానీ నాకు మాత్రం హ్యాండ్‌గన్‌తో వేటాడాలని ఉంది. ఇంట్లో రక్షణ కోసం కొన్న 9 ఎంఎం పిస్టల్, హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండే) తూటాలు ఉన్నాయి. సరిపోతాయా? గన్ షాపులో ఒకాయన .357 రివాల్వర్ చాలన్నాడు, పక్కనే ఉన్న ఇంకొకాయన అంతకంటే పెద్ద .44 లేకుండా వెళ్ళొద్దన్నాడు. హాలో పాయింటా, గట్టి సీసం తూటానా అని అడిగితే వాళ్ళిద్దరూ నన్ను వదిలేసి పోట్లాడుకున్నారు. మా ఆవిడ భయం వేరు. తూటాలోని సీసం మాంసంలో కలుస్తుందేమో, పాపకి ఆరేళ్ళు అంటుంది. హెచ్-1బీ మీదున్న మా బావమరిది కూడా వస్తానంటున్నాడు. ఏమైనా ఇబ్బందా?
– పేరు వద్దన్న ఆస్టిన్ పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు 9 ఎంఎం సంగతి తేల్చేద్దాం. వద్దు.

టెక్సాస్ చట్టం అడ్డు చెప్పదు. .22 లాంటి రిమ్‌ఫైర్ (గొట్టం అడుగు అంచు మీద పిన్ను కొడితే పేలే) సరుకు జింకకి వాడకూడదంటుంది గానీ, అడుగు మధ్యలో కొడితే పేలే సెంటర్‌ఫైర్‌లో ఇంత లావు ఉండాలి, ఇంత బలం ఉండాలి అని కొలత పెట్టలేదు. కాబట్టి మీ పిస్టల్‌తో కొట్టినా గేమ్ వార్డెన్ జరిమానా రాయడు. అయినా వద్దంటున్నానంటే కారణం మీరు కొన్న ఆ తూటా దేనికి తయారైందో అందులోనే ఉంది. ఇంట్లో దొంగ పడ్డప్పుడు అది అతని ఒంట్లోనే ఆగిపోవాలి, అవతలికి దూసుకెళ్ళి గోడ దాటి పక్కింటి పిల్లాడికి తగలకూడదు. అందుకని త్వరగా పుట్టగొడుగులా విచ్చుకుని, పరీక్షల్లో వాడే జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల మధ్య నిలిచిపోయేలా దాన్ని డిజైన్ చేస్తారు. జింక దగ్గర మనకి కావలసింది దీనికి తలకిందులు. తూటా అటువైపు నుంచి బయటికి రావాలి.

ఎందుకో చెప్తాను, మిగతా అన్ని ప్రశ్నలకీ జవాబు దీని మీదే ఆధారపడి ఉంది. రైఫిల్ తూటా సెకనుకు రెండున్నర వేలు, మూడు వేల అడుగుల వేగంతో వెళ్తుంది. ఆ వేగానికి అది తాకిన చోటే కాదు, చుట్టుపక్కల కండ కూడా చిరుగుతుంది. హ్యాండ్‌గన్ తూటా వేగం 1,200 అటూ ఇటూ. అది తాకినంత మేరే నష్టం, దాని పక్కన కండ సాగి మళ్ళీ యథాస్థానానికి వచ్చేస్తుంది. అంటే మీ చేతిలో ఉన్నది బోరు వేసే యంత్రం అనుకోండి. ఎన్ని అంగుళాల వెడల్పు అన్నది తర్వాత, ముందు నీళ్ళ దాకా దిగిందా లేదా? ఊపిరితిత్తులు రెండింటిలోంచీ రంధ్రం పడితే జింక నిమిషంలోపే పడిపోతుంది. ఒకదాంట్లోనే ఆగిపోతే అది ఎన్ని గంటలు నడుస్తుందో చెప్పలేం.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. మొదటి ఏడాది నా చేతిలో .357 రివాల్వర్, అందులో 125 గ్రెయిన్ల హాలో పాయింట్లు. గ్రెయిన్ అంటే కంగారు పడకండి, పౌనుకి 7,000 గ్రెయిన్లు, కాబట్టి 125 అంటే ఎనిమిది గ్రాములు. ముప్ఫై అయిదు గజాల దూరంలో ఆడజింక, కాస్త నా వైపు తిరిగి నిలబడింది. కొట్టాను. ముందు కాలు వేలాడేసుకుని సీడార్ పొదల్లోకి పోయింది. యాభై గజాల దాకా రాళ్ళ మీద చుక్కలు కనిపించాయి, తర్వాత అవీ లేవు. లీజు యజమానీ నేనూ రెండు టార్చిలు పట్టుకుని వెతికితే రాత్రి పదింటికి ఎండిన వాగులో కనిపించింది, ప్రాణంతో. ఇంకో తూటా వాడాల్సి వచ్చింది. తోలు తీస్తుంటే చూశాను, భుజం ఎముక మీద తూటా పగిలి ముక్కలైపోయింది. రాగి తొడుగు ఉల్లిపొరలా చుట్టుకుని కండలో ఉంది, లోపలి సీసం రవ్వరవ్వగా చెదిరింది. మూడు వేళ్ళ లోతు దాటలేదు. ఊపిరితిత్తుల మీద గీత కూడా పడలేదు. అంత వేగంతో అంత తేలిక తూటాని అంత త్వరగా విచ్చుకునేలా చేస్తే అంతే అవుతుంది. తప్పు .357ది కాదు, నేను కొన్న పెట్టెది.

ఇప్పుడు షాపులో ఇద్దరి గొడవ. ఇద్దరూ కొంత నిజమే చెప్పారు.

9 ఎంఎం తూటా, .357 తూటా పక్కపక్కన పెడితే లావులో తేడా కంటికి తెలియదు. ఒకటి అంగుళంలో .355, రెండోది .357. తేడా అంతా బరువులో, వేగంలో. 9 ఎంఎంలో 124 గ్రెయిన్ల తూటా సెకనుకు 1,150 అడుగులతో వెళ్తే దాని శక్తి సుమారు 365 ఫుట్-పౌండ్లు. .357లో 158 గ్రెయిన్ల తూటా 1,250తో బయల్దేరితే 550 దాకా వస్తుంది. కానీ 50 గజాలు చేరేసరికి 460కి పడిపోతుంది. పోలిక కోసం కొలరాడో వాళ్ళ నిబంధన చూడండి. పెద్ద జంతువుల వేటకి హ్యాండ్‌గన్ వాడాలంటే 50 గజాల దగ్గర 550 ఫుట్-పౌండ్లు మిగిలి ఉండాలంటారు. ఆ లెక్కన మామూలు .357 అక్కడ గట్టెక్కదు. లానోలో జింకలు ఉత్తరాది రాష్ట్రాల వాటితో పోలిస్తే చిన్నవి, ఆడజింక చాలాసార్లు వంద పౌన్లు కూడా తూగదు. కాబట్టి ఆరు అంగుళాలకి తగ్గని బ్యారెల్, 158 నుంచి 180 గ్రెయిన్ల గట్టి తూటా, నలభై గజాల లోపు, జింక పక్కకి తిరిగి కదలకుండా నిలబడితే .357 పని చేస్తుంది. ఇన్ని షరతులున్నాయి కాబట్టే అది చెయ్యి తిరిగినవాళ్ళ గన్ను అంటాను. కొత్తవాళ్ళకి తక్కువ రీకాయిల్ (పేలినప్పుడు గన్ను వెనక్కి తన్నడం) అని దాన్నే అంటగడుతుంటారు, అదే నాకు నచ్చదు.

మీకు నేను చెప్పేది .44 మాగ్నమ్. ఇది పుట్టిందే వేటగాళ్ళ కోరిక మీద. ఐడహోలో గొడ్లు కాసే ఎల్మర్ కీత్ అనే ఆయన పాత .44 స్పెషల్ అనే క్యార్ట్రిడ్జ్‌లో (తూటా, పేలుడు మందు కలిసి ఉండే గొట్టం) మందు దట్టించి, తనే గీసిన మొద్దు ముక్కు సీసం తూటాలు పెట్టి ఏళ్ళ తరబడి వేటాడుతూ, కంపెనీల వెంటపడితే 1955 చివర్లో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి దీన్ని బయటికి తెచ్చాయి. కంపెనీ అట్టపెట్టె మీద 240 గ్రెయిన్ల తూటాకి 1,350 అడుగుల వేగం, 970 ఫుట్-పౌండ్లు అని ఉంటుంది. 50 గజాల దగ్గర 750, వంద దగ్గర 620 దాకా మిగులుతుంది. మీ రివాల్వర్‌లో ఇంత రాకపోవచ్చు, కంపెనీవాళ్ళు వాడే టెస్టు బ్యారెల్ పొడుగు వేరు. నూరు అడుగులు తగ్గించి లెక్కేసుకున్నా జింకకి ఎక్కువే.

దీంతో ఉన్న సుఖం ఇంకోటి ఉంది. .44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్ క్యార్ట్రిడ్జ్‌లు పడతాయి. చేతికి తగిలే దెబ్బ సగం కూడా ఉండదు. ప్రాక్టీసంతా వాటితో చేసి, చివరి రెండు మూడు వారాలు మాత్రం అసలు మాగ్నమ్ లోడ్‌తో కొట్టొచ్చు. కొన్న రోజే మాగ్నమ్‌తో యాభై రౌండ్లు కొడితే చెయ్యి వాచిపోవడం అటుంచి, ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకునే అలవాటు పడుతుంది. ఒకసారి పడిందా, దాన్ని వదిలించుకోవడానికి ఏడాది పడుతుంది. .45 కోల్ట్‌ని గట్టి రివాల్వర్‌లో, గట్టి లోడ్‌తో వాడితే ఇంచుమించు ఇదే పని చేస్తుంది. సెమీ ఆటోమేటిక్కే కావాలంటే 10 ఎంఎం ఉంది. 180, 200 గ్రెయిన్ల వేట తూటాలతో నలభై యాభై గజాల దాకా పరవాలేదు. .454 కసల్, .460, .500 అనేవి కూడా ఉన్నాయి. ఎలుగుబంట్ల మీదికి వెళ్ళేవాళ్ళకి వాటి అవసరం ఉండొచ్చు, లానోలో మీకు లేదు.

ఇక హాలో పాయింటా, గట్టి సీసమా అన్న అసలు తగాదా. గట్టి సీసం తూటాని ఇక్కడ హార్డ్ కాస్ట్ అంటారు. మిశ్రమ లోహం పోసి తయారుచేస్తారు, ముక్కు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. ఇది విచ్చుకోదు. ఎముక అడ్డొచ్చినా దాన్ని విరగ్గొట్టి, నిటారుగా పోతుంది. అంచు పదునుగా ఉన్న చదును ముక్కు కాబట్టి గుండ్రటి ముక్కు తూటాలా కండని పక్కకి తోసుకుపోకుండా కోసుకుంటూ పోతుంది. రెండు వైపులా రంధ్రం పడుతుంది, కిందివైపు రంధ్రం నుంచి రక్తం కారుతుంది, జాడ దొరుకుతుంది. దీన్ని మెచ్చుకునేవాళ్ళు చెప్పేదంతా నిజం. లోటల్లా ఒక్కటే, పక్కటెముకల మధ్య నుంచి దూరిపోయి మెత్తటి ఊపిరితిత్తులు మాత్రమే తగిలితే అది చేసే రంధ్రం తూటా లావుకి కాస్త ఎక్కువ, అంతే. జింక ఎనభై, వంద గజాలు పరిగెత్తి పడుతుంది. ఆ వంద గజాల్లో పక్క లీజు కంచె ఉంటే తలనొప్పి.

హాలో పాయింట్ విచ్చుకుంటే రంధ్రం ఒకటిన్నర రెట్లు అవుతుంది, జింక తొందరగా పడుతుంది. కానీ ప్రతి హాలో పాయింటూ ఒక వేగం పరిధికి తయారవుతుంది. ఆ పరిధి కంటే వేగంగా తగిలితే నా .357లా చిట్లిపోతుంది, నెమ్మదిగా తగిలితే విచ్చుకోకుండా ముక్కు పూడుకుపోయి మామూలు గుండులా పోతుంది. .44 స్పెషల్ వేగానికి చేసిన మెత్తటి తూటాని మాగ్నమ్ వేగంతో పంపితే ఒక రకం తంటా. .454 కసల్ కోసం మందంగా చేసిన తూటాని .45 కోల్ట్‌లో పెడితే దానికి వ్యతిరేకం. కాబట్టి పెట్టె మీద హాలో పాయింట్ అని ఉంటే సరిపోదు, అది మీ క్యార్ట్రిడ్జ్ వేగానికి చేసిన వేట తూటాయేనా అన్నది చూడాలి. హార్నడీ వాళ్ళ ఎక్స్‌టీపీ లాంటిది, .44లో 240 గ్రెయిన్లది, ఈ పనికే చేసింది. మొదట పైన మాత్రమే విచ్చుకుని, అడుగు గట్టిగా ఉండి లోపలికి వెళ్తుంది. జింక వేటకి నా ఓటు దీనికే. అడవిపందులు కూడా కొట్టాలనుకుంటే హార్డ్ కాస్ట్ తీసుకోండి, వాటి భుజం మీద గట్టి తోలు డాలులా ఉంటుంది.

మాటలతో నమ్మకం కుదరకపోతే పాలు కొనే గ్యాలన్ జగ్గులు దాచిపెట్టండి. మేం లీజులో మట్టికట్ట ముందు ఆరు జగ్గుల నిండా నీళ్ళు పోసి, ఒకదాని వెనక ఒకటి బల్ల మీద పెట్టి కొట్టాం. ఒక్కో జగ్గు ఆరు అంగుళాలు. 9 ఎంఎం హాలో పాయింట్ మూడో జగ్గులో దొరికింది, చక్కగా పువ్వులా విచ్చుకుని. నా పాత 125 గ్రెయిన్లది కూడా మూడో జగ్గే, కానీ చేతిలోకి వచ్చింది తొడుగూ రెండు ముక్కలూ. మొదటి జగ్గు మాత్రం అతుకు దగ్గర చీలిపోయి ఆరడుగులు ఎగిరింది. చూడ్డానికి భలే ఉంటుంది, అది చూసే చాలామంది మోసపోతారు. .44 ఎక్స్‌టీపీ అయిదో జగ్గులో ఆగింది. హార్డ్ కాస్ట్ ఆరు జగ్గులూ దాటి మట్టిలోకి పోయింది, తవ్వినా దొరకలేదు. నీళ్ళలో ఎంత పోయిందో జింకలోనూ అంతే పోతుందని కాదు, నీళ్ళు మెత్తన. రెండు తూటాల్ని పోల్చుకోవడానికి ఇంతకంటే చవకైన ల్యాబ్ ఇంకోటి లేదు.

బరువు గురించి ఒక వింత చెప్పాలి. 240 బదులు 300 గ్రెయిన్ల తూటా పెడితే బరువు కదా, కిందకి తగులుతుంది అనుకుంటాం. రివాల్వర్‌లో దగ్గరి దూరాల్లో అది పైకి తగులుతుంది. బరువు తూటా బ్యారెల్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది, ఈలోపు రీకాయిల్‌కి గన్ను ముక్కు లేస్తుంది. అందుకే ఒక లోడ్‌తో గురి చూసే సైట్ సరిచేసుకుని, చవగ్గా దొరికిందని ఇంకో లోడ్‌తో వేటకి వెళ్ళకూడదు. ప్రాక్టీసులో స్పెషల్ కొట్టినా, సైట్లు మాత్రం వేటకి తీసుకెళ్ళే పెట్టెతోనే చూసుకోండి.

తూటాలు ఇంట్లో తయారుచేసుకునే రీలోడింగ్ గురించి మీరు అడగలేదు, మంచిది. మొదటి రెండేళ్ళు ఫ్యాక్టరీ సరుకే కొనండి. ఎవరో చెప్పారని మందు పాళ్ళు మార్చడం ఎక్కువైనా ప్రమాదమే, మాగ్నమ్‌లలో వాడే హెచ్110 లాంటి మందుల్లో తక్కువైనా ప్రమాదమే. అచ్చైన మ్యాన్యువల్లో ఉన్న అంకె దాటకూడదు, దాని కిందకి దిగకూడదు.

ఫ్యాక్టరీ సరుకు కొన్నా ఒక పరీక్ష చేయండి. సిలిండర్‌లో ఆరు పెట్టి, అయిదు కొట్టి, ఆరోది బయటికి తీయండి. కొత్త క్యార్ట్రిడ్జ్ పక్కన నిలబెట్టి పొడవు చూడండి. అయిదుసార్లు రీకాయిల్ తిన్నాక ఆ ఆరోదాని తూటా గొట్టంలోంచి ముందుకి జరిగిందంటే ఆ లోడ్ మీ గన్నుకి పనికిరాదు. ఇంకాస్త జరిగితే సిలిండర్ ముందుకి పొడుచుకొచ్చి తిరగకుండా పట్టేస్తుంది. తేలికపాటి గన్నులో బరువు తూటాలతోనే ఇది ఎక్కువ. రేంజిలో పట్టేస్తే నవ్వుకుంటాం, దెబ్బ తిన్న జింక ఎదురుగా ఉన్నప్పుడు పట్టేస్తే ఏం చేస్తాం?

దూరం సంగతి. ఆరు అంగుళాల పేపర్ ప్లేటు తీసుకోండి, పెళ్ళిళ్ళలో స్వీటు పెట్టే సైజుది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాలు ఉంటుంది, టెన్షన్‌లో చెయ్యి వణికేదానికి రెండు అంగుళాలు వదిలేశాం. వేటలో కూర్చునేలాగే కూర్చుని, మోకాళ్ళ మీదో కర్ర మీదో చేతులు ఆనించి, అయిదు కొట్టండి. అయిదూ ప్లేటులో పడే ఆఖరి దూరమే మీ దూరం. నాలుగు పడితే ముందుకి జరగండి. చాలామందికి మొదటి ఏడాది అది ముప్ఫై, నలభై గజాలు. .44 శక్తి వంద గజాల దాకా ఉన్నా, 50కి సరిచేసిన సైట్‌తో వంద దగ్గర తూటా అయిదారు అంగుళాలు కిందికి దిగుతుంది. ఆ లెక్కలు ఇప్పుడే వద్దు. మీ మనసు నిజంగా వంద గజాల మీదే ఉంటే దారి వేరు. థాంప్సన్ సెంటర్ కంటెండర్ లాంటి సింగిల్ షాట్ పిస్టల్, పద్నాలుగు అంగుళాల బ్యారెల్, .30-30 లేదా 7-30 వాటర్స్, పైన స్కోప్. అక్కడ కూడా పెద్ద రైఫిళ్ళ కోసం చేసిన తూటా వద్దు, పొట్టి బ్యారెల్ వేగానికి అది విచ్చుకోదు.

ఇక్కడే మీ మిత్రుడితో ఇప్పుడే ఒక మాట అనుకోవాలి. టెక్సాస్ లీజుల్లో బ్లైండ్లన్నీ (వేటగాడు దాక్కుని కూర్చునే చోట్లు) రైఫిల్ లెక్కలో ఉంటాయి. జింకలకి మొక్కజొన్న చల్లే ఫీడర్‌కి ఎనభై, వంద గజాల దూరంలో డబ్బా కట్టేసి ఉంటుంది. మీరు అందులో కూర్చుంటే సాయంత్రం దాకా జింకల్ని చూసి ఇంటికి రావాలి. గుడ్డతో మడిచే బ్లైండ్ ఒకటి అక్టోబర్ మొదట్లోనే ఫీడర్‌కి నలభై గజాల్లో, గాలి మీ నుంచి జింకల వైపు వీచని పక్కన పెట్టించండి. నెల రోజుల్లో వాటికి అలవాటైపోతుంది. నన్నడిగితే మొదటి సీజన్ రైఫిల్ పక్కనే ఉంచుకోమంటాను. దగ్గరికి వస్తే రివాల్వర్, రాకపోతే రైఫిల్.

కొట్టేటప్పుడు జింక పూర్తిగా పక్కకి తిరిగి, మీ వైపున్న ముందు కాలు ఒక అడుగు ముందుకి వేసేదాకా ఆగండి. ఆ కాలు వెనకగా, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర చూపు పెట్టండి. అవతలి వైపుకి కొంచెం తిరిగి ఉంటే, అవతలి భుజంలోంచి తూటా బయటికి రావాలనుకుని గీత గీసుకోండి. మీ వైపు తిరిగి ఉన్నదాన్ని, వెనక్కి తిరిగినదాన్ని వదిలేయండి. కొట్టాక జింక ఎగిరి పారిపోతే ఓడిపోయామనుకోవద్దు, హ్యాండ్‌గన్‌తో మంచి దెబ్బకి కూడా అది పరిగెత్తుతుంది. చివరిసారి కనిపించిన చెట్టు గుర్తుపెట్టుకుని అరగంట కూర్చోండి. గులాబీ రంగు, నురగ ఉన్న రక్తమైతే ఊపిరితిత్తులు. నల్లగా చిక్కగా ఉంటే కాలేయం, ఇంకా ఆగాలి. పచ్చగా, పేడ వాసన వస్తే కదలకండి, మిత్రుణ్ణి పిలవండి.

చెవుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. వేటలో కదా, ఒక్క షాటే కదా అని చెవులకి ఏమీ పెట్టుకోకుండా .44 కొడితే ఆ గుయ్యిమనే శబ్దం జీవితాంతం ఉండిపోవచ్చు. చిన్న చప్పుళ్ళు వినిపిస్తూ పేలుడు శబ్దాన్ని మాత్రం ఆపే ఎలక్ట్రానిక్ మఫ్‌లు కొనండి. అలాగే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, అందులోంచి పక్కకి వేడి గ్యాసు కత్తిలా వస్తుంది. పిస్టల్ అలవాటుతో ఎడమ బొటనవేలు ముందుకి చాచి పట్టుకుంటే ఆ సందు పక్కకే వస్తుంది. వేళ్ళన్నీ ఆ సందుకి బాగా వెనకే ఉండాలి. ఆనించేటప్పుడు కూడా బ్యారెల్‌ని కర్ర మీద పెట్టకూడదు, మీ చేతుల్ని ఆనించాలి.

ఇక ఇంట్లో భయం. ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానంగా ఇచ్చిన జింక మాంసంలో సీసం రవ్వలు కనిపించి, అక్కడి ఆరోగ్య శాఖ దాన్ని పంచొద్దని చెప్పింది. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలనే ఆపేసింది. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదు అనే అంకె ఏదీ లేదు. అయితే ఆ రవ్వల గొడవ ఎక్కువగా వేగంగా పోయే రైఫిల్ తూటాలది. హార్డ్ కాస్ట్ హ్యాండ్‌గన్ వేగంలో పెద్దగా చిట్లదు, నా పాత 125 గ్రెయిన్ల రకం మాత్రం బాగా చిట్లుతుంది. అసలు ఆ బెంగే వద్దనుకుంటే మొత్తం రాగితో చేసిన తూటాలున్నాయి. బార్న్స్ ఎక్స్‌పీబీ లాంటివి .44లో 200, 225 గ్రెయిన్లలో దొరుకుతాయి. రాగి సీసం కంటే తేలిక కాబట్టి గ్రెయిన్లు తక్కువ కనిపిస్తాయి, బరువు తగ్గిందని అనుమానపడకండి. రేకులు రాలకుండా విచ్చుకుని లోతుగా పోతాయి. ధర ఎక్కువ, కానీ సీజన్ మొత్తానికి ఒక పెట్టె చాలు. ఆరేళ్ళ పాప ఉన్న ఇంటికి నేనైతే ఇదే కొంటాను. పైన ఎక్స్‌టీపీకి వేసిన ఓటు మీ విషయంలో దీనికి మార్చుకోండి.

ఏ తూటా వాడినా గాయం చుట్టూ ఉన్న మాంసం దండిగా కోసి పారేయించండి. మాంసం కొట్టించే చోట మీ జింక మాంసం మీకే విడిగా ఇస్తారా, పదిమందివి కలిపి కీమా కొడతారా అని ముందే అడగండి. మీరు రాగి వాడినా పక్కవాడి సీసం మీ కవర్లోకి వస్తే ఏం లాభం? జింక మాంసంలో కొవ్వు ఉండదు, మటన్‌లా అనుకుని వేపుడు పెడితే ఎండుకట్టెలా అవుతుంది. గోంగూరలో పులుసుగా బాగుంటుంది. కొమ్ములు ముచ్చటగా ఉన్నాయని ఇండియాకి పట్టుకెళ్ళే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కస్టమ్స్ వాళ్ళకి మీ లానో కథ వినే ఓపిక ఉండదు.

లైసెన్స్ ఇప్పుడే తీసుకోండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ చేసి ఉండాలి, ఆన్‌లైన్‌లో కుదురుతుంది. జింక ట్యాగులు లైసెన్స్‌తోనే వస్తాయి, జింక పడగానే ట్యాగు నింపి కట్టాలి. జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కొట్టాలి. ప్రైవేటు లీజులో నారింజ రంగు చొక్కా తప్పనిసరి కాకపోయినా వేసుకోండి, లీజులో తుపాకీ పట్టుకున్నది మీరొక్కరే కాదు.

మీ బావమరిది విషయంలో మాత్రం తమాషా లేదు. గ్రీన్ కార్డు ఉన్న మీకు లేని చిక్కు ఆయనకి ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మన ఫ్రెండ్సు ఎంతోమంది రేంజిలో సరదాగా ఫొటోలు దిగి పెడుతుంటారు, ఈ సంగతి తెలియక. మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఆయన పేరు మీదే ఉండటం. మీ లైసెన్స్ ఆయనకి పనికిరాదు, గడువు తీరినదీ పనికిరాదు. గ్రీన్ కార్డు లైనులో ఉన్న మనిషి కాబట్టి ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడమనండి. లైసెన్స్ చేతికొచ్చాకే మీ రివాల్వర్ ఆయన చేతికివ్వండి. అప్పటిదాకా జగ్గుల్లో నీళ్ళు నింపే పని అప్పజెప్పండి, దానికి వీసా అక్కర్లేదు.